ముప్పై వేల దీవుల నడుమ మరపడవ

కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో హ్యూరన్ సరస్సును ఆనుకుని జార్జియన్ బే ఉంది. పొడవు దాదాపు 190 కిలోమీటర్లు, వెడల్పు 80. ఒడ్డున నిలబడితే సముద్రమనే అనిపిస్తుంది గానీ, నీళ్లు మాత్రం మంచినీళ్లు. దీని తూర్పు తీరం పొడవునా పరచుకున్న రాతి దీవులకే ‘ముప్పై వేల దీవులు’ అని పేరు. దేన్ని దీవి అనాలి, దేన్ని బండతో సరిపెట్టాలి అన్నదాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది. మంచినీటిలో ఇంత పెద్ద ద్వీపసమూహం ప్రపంచంలో మరొకటి లేదు. యునెస్కో 2004లో ఈ తీరాన్ని జీవావరణ రక్షిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. వేసవి వస్తే మరపడవలు వేసుకుని వారాల తరబడి ఇక్కడే తిరిగేవారు వేలల్లో ఉంటారు.

ఈ దీవుల రాయి వంద కోట్ల ఏళ్లకు పైబడినది. మంచుయుగంలో హిమానీనదాలు పైనున్న మట్టినంతా గీకేసి బండలను నున్నగా అరగదీశాయి. ఆ బండల పగుళ్లలో వేళ్లు దింపుకున్న తెల్ల పైన్ చెట్లు పడమటి గాలి తాకిడికి తూర్పుకు వాలి పెరిగాయి. 1920ల్లో ‘గ్రూప్ ఆఫ్ సెవెన్’ చిత్రకారులు ఆ వాలు చెట్లను గీసి గీసి వాటిని కెనడాకే గుర్తుగా మార్చారు. పడవ నడిపేవారికి చెట్టు కన్నా రాయితోనే ఎక్కువ పని. పైన కనిపించే గుట్టలు, పగుళ్లు నీటి కిందా అలాగే సాగుతాయి. లోతు పది మీటర్లు ఉందనుకున్న చోటు దాటగానే అర మీటరు అడుగున బండ తగలవచ్చు. ఇసుక మేటలో దిగబడ్డ పడవను వెనక్కి లాగి బయటపడవచ్చు. ఇక్కడి రాయి తగిలితే ప్రొపెల్లర్ రెక్కలు వంకరపోతాయి, ఇరుసూ వంగుతుంది. ఆ వేసవి ప్రయాణం అంతటితో సరి.

ఈ రాళ్ల మధ్య దారి తెలియడానికి చాలా ప్రాణాలే పోయాయి. 1882 సెప్టెంబరు 14న ‘ఏషియా’ అనే స్టీమరు తుపానులో మునిగి వందమందికి పైగా చనిపోయారు. బతికి బయటపడింది ఇద్దరే. అప్పటికి వాడుకలో ఉన్న జలపటాలు అరవై ఏళ్ల నాటివి. ఆ దుర్ఘటన తర్వాత 1883లో మొదలైన జార్జియన్ బే సర్వేయే కాలక్రమంలో కెనడా జలపటాల సంస్థగా ఎదిగింది. నేటి పటాల్లో బండలు చాలా వివరంగా ఉంటాయి. అయితే వాటిలోని లోతులన్నీ సముద్రమట్టానికి 176 మీటర్ల ఎత్తున ఉన్న ఒక ప్రమాణ రేఖ నుంచి లెక్కించినవి. సరస్సు మాత్రం ఆ రేఖ దగ్గరే ఆగదు. 1986లో అది రికార్డు ఎత్తుకు చేరింది, 2013 జనవరిలో రికార్డు స్థాయికి పడిపోయింది. ఆ రెంటికీ తేడా దాదాపు రెండు మీటర్లు. అందుకే ఆనాటి నీటిమట్టం చూసుకోకుండా పటంలోని అంకెను నమ్మేవాడు మంచి సరంగు కాడు.

దక్షిణాన పోర్ట్ సెవర్న్ నుంచి ఉత్తరాన కిలార్నీ దాకా దీవుల నడుమ చిన్న పడవల కోసం బోయాలు పెట్టి గుర్తించిన దారి ఉంది. ఎగువకు వెళ్లేటప్పుడు ఎర్ర బోయా కుడిచేతి వైపు, ఆకుపచ్చది ఎడమచేతి వైపు ఉండాలి. భారత రేవుల్లోనూ ఐరోపాలోనూ ఈ రంగులు తారుమారుగా ఉంటాయి కాబట్టి అక్కడ పడవ నేర్చినవారు ఇక్కడ మొదట్లో తడబడతారు. కొన్ని చోట్ల రెండు బోయాల నడుమ ఒక్క పడవకే సందు ఉంటుంది. ఎదురుగా మరొకటి వస్తుంటే ఎవరో ఒకరు ఆగాల్సిందే.

టొరంటో వైపు నుంచి లోతట్టు జలమార్గంలో వచ్చే పడవలు 386 కిలోమీటర్ల ట్రెంట్-సెవర్న్ కాలువ దాటుకుని ఇక్కడికి చేరతాయి. ధవళేశ్వరం లాకులు చూసినవారికి ఆ దారి చాలావరకు కొత్తగా ఉండదు. బిగ్ షూట్ దగ్గర మాత్రం లాకు లేదు, పట్టాల బండి ఉంది. నీటిలో మునిగి ఉన్న బండి మీదికి పడవను మెల్లగా పోనిస్తారు. సిబ్బంది అడుగున వెడల్పాటి పట్టీలు బిగిస్తారు. ఉక్కు తాళ్లు లాగుతుంటే నీళ్లు కారుతూ పడవ గట్టెక్కుతుంది. గేట్లు వేసి కార్లను ఆపిన రోడ్డును దాటి, ఆవలి వాలు మీదుగా మళ్లీ నీటిలోకి దిగుతుంది. లాకు కట్టకపోవడానికి కారణం సీ లాంప్రే అనే జలగ లాంటి ప్రాణి. చేపలను పట్టుకుని రక్తం పీల్చే ఆ జీవి పెద్ద సరస్సుల్లో చేపల వేటను దెబ్బతీసింది. నీటి దారి తెరిస్తే అది పైనున్న సరస్సుల్లోకీ ఎగబాకుతుంది. అందుకే 1978లో పాత పట్టాల బండి పక్కనే ఇంకా పెద్దది కట్టారు.

సాయంత్రానికి గాలి మరుగున్న ఓ మూల వెతుక్కోవాలి. గుర్తులు లేని అలాంటి మూలలోకి వెళ్లేటప్పుడు ఇంజను నెమ్మదిస్తుంది. ఒకరు ముందు కొసన నిలబడి చేత్తో సైగలు చేస్తుంటారు. ఎండ వెనక నుంచి పడుతుంటే నీటి రంగే లోతు చెబుతుంది: ముదురు నీలమైతే భయం లేదు, పచ్చబడితే జాగ్రత్త, గోధుమ రంగు కనబడితే అక్కడ రాయి ఉన్నట్టే. లంగరుకు నీటి లోతుకు అయిదు నుంచి ఏడు రెట్ల తాడు వదలాలి. గాలి మారితే ఆ తాడు మేర పడవ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి పక్క పడవ ఎటు తిరుగుతుందో కూడా చూసుకోవాలి. ముందొచ్చి లంగరు వేసినవారిదే హక్కు, తర్వాత వచ్చినవారే సర్దుకోవాలి.

స్నేహితులైతే రెండు మూడు పడవలను పక్కపక్కనే కట్టేస్తారు. మధ్యలో గాలి బుంగలు వేలాడదీస్తారు. బరువైన పడవ లంగరు మీదే అన్నీ నిలుస్తాయి. ఒక పడవలో వంట, మరో పడవలో కబుర్లు. గాలి లేస్తుందన్న అనుమానం వస్తే మాత్రం చీకటి పడకముందే ఎవరి పడవ వారు విప్పుకోవాలి. మొహమాటపడి అలాగే ఉండిపోవడం ప్రమాదం. పొద్దుపోయాక జనరేటరు నడిపేవారి మీద ఉన్నంత కోపం ఈ పడవలవారికి ఇంకెవరి మీదా ఉండదు, అది న్యాయమే.

కిలార్నీ దాటితే నార్త్ చానల్. ఉత్తరాన తెల్లటి క్వార్ట్‌జైట్ కొండలు, పడమరకు వెళితే గులాబీ రంగు బెంజమిన్ దీవులు. దక్షిణాన 2,766 చదరపు కిలోమీటర్ల మానిటూలిన్ ఉంది. మంచినీటి సరస్సులోని దీవుల్లో ప్రపంచంలో ఇదే పెద్దది, హైదరాబాద్ జిల్లాకు పన్నెండు రెట్లు పైమాటే. అక్కడి లిటిల్ కరెంట్‌లో 1913 నాటి తిరుగుడు వంతెన వేసవి పగళ్లలో గంటకోసారి పడవల కోసం తెరుచుకుంటుంది. ఆ ఊరి నుంచే జులై, ఆగస్టు నెలల్లో పొద్దున తొమ్మిదింటికి వీహెచ్‌ఎఫ్ రేడియో 71వ చానల్లో బోటర్ల కూడలి నడుస్తుంది. వాతావరణం, వార్తలు, ఇంటి నుంచి వచ్చిన అత్యవసర కబుర్లు చదువుతారు. తర్వాత ఒక్కో పడవా తాను ఎక్కడుందో చెబుతుంది. సెల్‌ఫోన్ అందని మూలలున్న ఈ నీళ్లలో ఎవరు ఏ దీవి చాటున ఉన్నారో పదిమందికీ తెలిసి ఉండటం పెద్ద భరోసా. ఆపద పిలుపులకు మాత్రం 16వ చానల్.

కెనడాలో మరపడవ నడపాలంటే పరీక్ష రాసి ఆపరేటర్ కార్డు తీసుకోవాలి. 2009 నుంచి ఇది అందరికీ తప్పనిసరి. మనిషికో లైఫ్ జాకెట్ ఉండాలి. మరుగుదొడ్డి నీటిని సరస్సులోకి వదలకూడదు, ట్యాంకులో నిలిపి మెరీనాలో తోడించాలి. ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ఆపదకు అన్నది పాత లెక్క. దీవి ఎక్కేవారు బూట్లు వేసుకోవడం మంచిది: ఆంటారియోలో విషమున్న ఒకే ఒక్క పాము మససాగా రాటిల్ స్నేక్ ఈ బండల మధ్యే ఉంటుంది.

సొంత పడవ లేని టొరంటో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పారీ సౌండ్ దాకా కారులో వెళ్లి, అక్కడ ‘ఐలాండ్ క్వీన్’ పర్యాటక నౌక ఎక్కవచ్చు. ట్రెంట్-సెవర్న్ లాకులు మే మూడో వారం నుంచి అక్టోబరు రెండో వారం వరకే తెరిచి ఉంటాయి. జూన్‌లో నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి కాబట్టి ఈతకు దిగాలనుకునేవారు జులై, ఆగస్టు నెలలను ఎంచుకోవాలి.