గుర్రంగడ్డకు పన్నెండు నెలల దారి

నది నడుమ మిగిలిన నేలను మనం దీవి అంటాము, లంక అంటాము. కృష్ణానది వెంట మన పల్లెల్లో గడ్డ అంటారు. మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులు జజీరా అంటారు. పేరు ఏదైనా అర్థం ఒక్కటే: నాలుగు దిక్కుల నీరు, నడుమ నేల. ఆ నేల మీద మనుషులు కూడ ఉంటే ఆ నీరు చూడముచ్చటైన దృశ్యంగా మాత్రమే ఉండదు. అది వారి నిత్యజీవితానికి సరిహద్దు కూడ అవుతుంది. దీవి గురించి మాట్లాడేవారు ఈ రెండవ మాటను తరచుగా మరచిపోతారు. మా వ్యాసం ఆ మరపును గురించియే.

తెలంగాణలో కృష్ణానది నడుమ జనం కాపురమున్న దీవి అనగానే మొదట వినిపించే పేరు గుర్రంగడ్డ. జూరాల ఆనకట్టకు దిగువన, గద్వాల మండలంలో ఉన్నది. ఒక ఒడ్డు గద్వాల, ఎదుటి ఒడ్డు వనపర్తి. పచ్చని వరిమళ్ళు, నల్లని రాతి గుండ్లు, వాటి మధ్య చీలి మళ్ళీ కలిసే నదీపాయలు ఆ దీవి సొత్తు. ఎగువన రాయచూరు జిల్లాలో శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రమైన కురువపురం మరొక దీవి. దిగువన బీచుపల్లి దగ్గర ఆంజనేయస్వామి కోవెల, దానికి సమీపంలోనే నదిలో నిజాంకొండ ఉన్నవి. హైదరాబాదు నుండి వచ్చేవారికి 44వ నంబరు జాతీయ రహదారి, ఎర్రవల్లి చౌరస్తా, రైలు మార్గాన గద్వాల జంక్షను అందుబాటులో ఉన్నవి. ఇన్ని అనుకూలతలు ఉండి కూడ గుర్రంగడ్డ ఎందుకు ఏడాది పొడవునా యాత్రాస్థలం కాలేదు?

ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు, కుటీరాలు కట్టలేదు, పెద్ద బోట్లు వేయలేదు, ప్రచారం చేయలేదు అని. ఇవి కూడ లోపాలే. కాని మూలం ఇంకొక చోట ఉన్నదని మేము భావిస్తున్నాము. తన ప్రజలకే పన్నెండు నెలలు నమ్మకమైన దారి లేని ఊరు, పరాయివారికి పన్నెండు నెలల విహారస్థలం కాజాలదు. తక్కిన లోపాలన్నీ ఈ ఒక్క దానికి పిల్లలు.

ముందుగా నది నడకను తెలుసుకొనవలెను. సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీటిని క్యూసెక్కు అంటారు. శతకోటి ఘనపుటడుగులు ఒక టి.ఎం.సి. లక్ష క్యూసెక్కుల వరద ఒక పగలు, ఒక రాత్రి పారితే 8.64 టి.ఎం.సి.ల నీరు అవుతుంది. జూరాల జలాశయం పట్టు మొత్తం సుమారు 9.66 టి.ఎం.సి.లు మాత్రమే. ఎగువన కర్ణాటకలోని ఆలమట్టి పట్టు 120 టి.ఎం.సి.లకు పైమాట. అనగా ఆలమట్టి, నారాయణపూర్ నిండి నీరు వదలినపుడు దానిని ఆపి ఉంచే శక్తి జూరాలకు లేదు. వచ్చిన వరదను వచ్చినట్లే కిందికి పంపవలసి ఉంటుంది. ఆ కిందనే గుర్రంగడ్డ ఉన్నది. వరద కాలం కానపుడు కూడ జలవిద్యుత్ కేంద్రాలు నీరు వదిలితే పాయలలో మట్టం మారుతుంది. కాబట్టి ఉదయం దాటిన పాయ సాయంకాలం అదే లోతున ఉంటుందని చెప్పలేము.

ఈ నడకను బట్టి దీవికి సంవత్సరంలో మూడు ముఖాలు. జూలై నుండి అక్టోబరు వరకు వరద ముఖం. వరద ఉద్ధృతమైన రోజుల్లో పుట్టిగాని పడవగాని కదలదు. దీవి దీవిగానే మిగిలిపోతుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు చల్లని ముఖం. నీరు నెమ్మదిస్తుంది, గాలి హాయిగా ఉంటుంది, పైరు కంటికి నిండుగా ఉంటుంది. మార్చి నుండి జూన్ వరకు ఎండ ముఖం. పాయలు సన్నగిల్లి రాళ్ళు తేలుతవి. మనుషులు రాళ్ళ మీదుగా నడిచి దాటే చోట్లు ఏర్పడుతవి. కాని మధ్యాహ్నం ఆ రాతి మీద నిలువ నీడ ఉండదు.

ఇక లోపాలను వరుసగా చూతము.

మొదటిది దాటే సాధనం. దీవిలో జబ్బుపడినవారు, కానుపు నొప్పులు పడే స్త్రీ, పై చదువుకు ఈవలి ఒడ్డుకు రావలసిన పిల్లలు, ధాన్యం అమ్మవలసిన రైతు, వీరందరూ నది దయ మీద ఆధారపడినవారే. వంతెన కావలెనన్న కోరిక ఎన్నో ఏండ్లది. వంతెనను పర్యాటకుల సౌకర్యంగా కాక, ముందుగా దీవివాసుల హక్కుగా చూడవలెను. పడవ అనగానే మన ప్రాంతానికి ఒక చేదు జ్ఞాపకం కూడ ఉన్నది. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. 2017 నవంబరులో విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద విహారానికి వెళ్ళిన పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించినారు. మొదటివారు పల్లెజనం, రెండవవారు యాత్రికులు. నది ఇద్దరిలో భేదం చూపలేదు. ఎందరు ఎక్కవచ్చునో రాసిన పలక, ప్రతి మనిషికి తేలుడు కోటు, నీరు ఎంత పెరిగితే పడవ కట్టివేయవలెనో తెలిపే గుర్తు, ఈ మూడు లేని రేవున ప్రచారం చేయడం ఆహ్వానం కాదు, అపాయం. ఈ నీళ్ళలో మొసళ్ళు కూడ ఉన్నవి; ఈతకు దిగవద్దని చెప్పే హెచ్చరిక ప్రతి రేవున ఉండితీరవలెను.

రెండవ లోపం కాలజ్ఞానం లేకపోవుట. జూరాల గేట్లు ఎత్తినారన్న వార్త రాగానే జనం కార్లలో, మోటారు సైకిళ్ళ మీద తరలివస్తారు. ఆనకట్ట దగ్గర చేపల వేపుడు తిని, నీటి తుంపర్లలో తడిసి, దీవిని కూడ చూడవలెనని రేవుకు వస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే దీవికి దారి మూసుకొని ఉంటుంది. వారు నిరాశతో తిరిగి వెళ్ళి, అక్కడ చూచేందుకు ఏమీ లేదని నలుగురితో చెబుతారు. చూడదగిన శీతకాలంలో వారిని పిలిచేవారు లేరు. అనగా రద్దీ ఉన్నపుడు దారి లేదు, దారి ఉన్నపుడు రద్దీ లేదు. ఈ రెండింటిని కలపడానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. నెలల వారీగా ఏమి చూడవచ్చునో, ఏమి చేయరాదో తెలిపే ఒక పట్టిక చాలును.

మూడవ లోపం లాభం ఎవరికన్నది. పొద్దున వచ్చి సాయంత్రం పోయే యాత్రికుడు పెట్రోలు, భోజనం, గది, అన్నీ పట్టణంలోనే కొంటాడు. దీవిలో విడిచి వచ్చేవి ఖాళీ సీసాలు, విస్తరాకులు. పైరు గట్లు తొక్కబడుతవి, మరుగుదొడ్డి లేక ఊరి చుట్టు పరిసరాలు పాడవుతవి. ఇట్టి యాత్ర పెరిగినకొద్దీ ఊరివారికి విసుగు పెరుగుతుందేగాని ఆదరణ పెరగదు. ఊరి ఇళ్ళలోనే రెండు పూటల భోజనం, ఒక రాత్రి బస, పుట్టి నడిపేవారికి నిర్ణయించిన కూలి, గ్రామపంచాయతీకి చిన్న రుసుము ఉంటే అతిథి భారం కాక ఆధారమవుతాడు. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. నేతపని చూడవచ్చిన అతిథికి నదిని, నది చూడవచ్చిన అతిథికి మగ్గాన్ని చూపే ఏర్పాటు ఉంటే అతడు రెండవ రోజు కూడ ఉంటాడు.

నాలుగవ లోపం నదిని ముక్కలుగా చూచుట. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడినవి. పాలనకు అది మేలే. కాని యాత్రికునికి జిల్లా సరిహద్దులు కనిపించవు. నది మాత్రమే కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వపు స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో మహబూబ్‌నగర్ పర్యావరణ పర్యాటక వలయానికి సుమారు 91 కోట్ల రూపాయలు మంజూరైనవి. అందులో సోమశిల, సింగోటం, అక్కమహాదేవి గుహలు, ఈగలపెంట, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం మొదలైనవి చేరినవి. అది నాగర్‌కర్నూల్ వైపు వారికి సంతోషించవలసిన సంగతి. ఎగువనున్న గుర్రంగడ్డ, బీచుపల్లి, శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి ఆలయం, గద్వాల కోట ఆ దండలో పూలు కాలేకపోయినవి. ఒక్క గుర్రంగడ్డ కోసం ఎవరూ మూడు రోజులు రారు. జూరాల నుండి సోమశిల వరకు నదిని ఒక దారిగా చూపితే తప్పక వస్తారు.

అన్ని వసతులు ఉన్న దీవికి కూడ నది నియమాలు తప్పవని గ్రహించుట అవసరం. విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజికి ఎగువనున్న భవానీ ద్వీపం సుమారు 133 ఎకరాలది. పక్కనే మహానగరం, బోట్లు, కుటీరాలు ఉన్నవి. అయినను 2019 ఆగస్టు వరదలోను, బ్యారేజి వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన 2024 సెప్టెంబరు వరదలోను ఆ ద్వీపం మునిగి ఎంతో నష్టపోయినది. వరద మట్టానికి లోబడి కట్టడాలు పెంచుట ఎంత ఖర్చుతో కూడినదో దాని వలన మనం నేర్చుకొనవచ్చును. గుర్రంగడ్డకు కావలసినది కాంక్రీటు విడుదులు కావు.

అట్లయితే ఏడాది పొడవునా పర్యాటకం అనగా ఏమి? ప్రతి రోజు దీవికి జనాన్ని దాటించుట అని కాదు. ఏ నెలలో ఏది చూపవలెనో తెలిసి, మూసివేయవలసిన రోజున ధైర్యంగా మూసివేసి, అప్పుడు కూడ దీవివారి ఆదాయం నిలిచేటట్లు చేయుట. దీనికి మన పెద్దలు ఎరిగిన ఉదాహరణ ఒకటున్నది. శ్రీశైలం జలాశయపు నీటిలో సంగమేశ్వరాలయం ఏటా చాలా నెలలు మునిగి ఉంటుంది; మట్టం తగ్గిన వేసవిలో బయటపడుతుంది. గుడి మునిగినదని భక్తులు దానిని మరచిపోలేదు. నీరు ఎప్పుడు తగ్గుతుందో విచారించుకొని మరీ వెళ్తారు. అక్కడ నదియే పంచాంగం. గుర్రంగడ్డకు కూడ అట్టి పంచాంగం కావలెను. వరద నెలల్లో ఆనకట్ట మీద, బీచుపల్లి ఒడ్డున నిలిచి నదిని చూచుట. ఆ ఒడ్డున దుకాణాలలో మొదటి హక్కు దీవి మహిళలకు ఇచ్చుట. శీతకాలంలో దీవిలో బస, పొలాల నడక, పక్షుల పరిశీలన. వేసవిలో తెల్లవారుజామున రాతిపాయల నడక, అటు తరువాత కొల్లాపూర్ మామిడి తోటలు, సంగమేశ్వరం. 2028లో కృష్ణా పుష్కరాలు రానున్నవి. ఆ పన్నెండు రోజుల రద్దీకి కట్టిన రేవులు పన్నెండు నెలలకు పనికివచ్చేటట్లు ఇప్పుడే ఆలోచించవలెను.

ఇందులో మన పాత్ర ఏమి అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. మేము రెండు చిన్న పనులు సూచిస్తున్నాము. మన భూగోళశాస్త్ర, ఆర్థికశాస్త్ర విద్యార్థులు ఒక సంవత్సరం పాటు నెలకొకసారి రేవుకు వెళ్ళి, ఆనాడు దారి ఉన్నదా, ఎట్లా దాటినారు, ఎందరు వచ్చినారు, దీవిలో ఎంత ఖర్చు చేసినారు అన్న నాలుగు విషయాలు ఒక పుస్తకంలో రాయవలెను. ఊహల మీద గాక లెక్కల మీద అడిగినపుడే అధికారులు వింటారు. రెండవది, రేవు దగ్గర తెలుగు, ఉర్దూ, కన్నడ లిపులలో ఒక పలక. హైదరాబాదు, రాయచూరు రెండు వైపుల నుండి అతిథులు వచ్చే చోట ఒక్క భాష చాలదు. రెండు భాషల కళాశాల కనుక అందులో రెండింటిని మనమే రాయగలము. మూడవది రాయచూరు మిత్రులు రాస్తారు. కళాశాల కమిటీ పెద్దలు ప్రయాణానికి కొంత సహాయం, జిల్లా అధికారులకు ఒక లేఖ సమకూర్చగలరని మా విన్నపం.

అయితే రేవుకు పోయిన విద్యార్థి మొదట అడుగవలసిన ప్రశ్న యాత్రికుని కాదు, దీవివారిని. వారి బిడ్డ వానాకాలంలో బడి మానకుండ ఉండగలిగిన నాడు, వారి రోగి రాత్రివేళ ఒడ్డు చేరగలిగిన నాడు అతిథికి కూడ దారి దానంతట అదే ఏర్పడుతుంది. అంతవరకు గుర్రంగడ్డ అందాన్ని ఎంత వర్ణించినను అది ఈవలి ఒడ్డున నిలిచి చేసిన వర్ణనగానే మిగిలిపోతుంది.