చెడుగుడు జట్టు, వేలపు ధర

మన తమిళ మిత్రులు సడుగుడు అనియు, మనము చెడుగుడు అనియు పిలుచు ఆటకు నేడు ఆటగాండ్ర వేలము జరుగుచున్నది. వేలము వచ్చిన నెలలో బాలురకు వేరు మాట లేదు.

2022లో తమిళ తలైవాస్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 26 లక్షల రూపాయలకు కొనెను. తొలి పోటీలోనే మోకాలికి దెబ్బ తగిలి అతడు ఆ యేటి ఆటకు దూరమయ్యెను. అయినను నరేందర్ వంటి యువకులతో ఆ జట్టు మొదటిసారిగా సెమీఫైనల్ చేరెను!

2023లో తెలుగు టైటాన్స్ అతనినే 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనెను. అతడు ఢిల్లీవాడు, అతనికై మనవారు తెలుగు, తమిళ పక్షములుగా చీలి వాదించుట చిత్రమే. జట్టంతటికి వెచ్చింపదగిన మొత్తము 5 కోట్లే. సగమునకు మించి ఒక్కనికే పోగా తక్కినవారికి మిగిలినదెంత? కూతకు పోవువాడొక్కడే, ఎదిరిని పట్టుటకు ఏడుగురు కావలెను. పవన్ పాయింట్లు తెచ్చుచునే యుండెను. జట్టు మాత్రము 22 పోటీలలో రెండే గెలిచి, పండ్రెండు జట్లలో కడపటిదయ్యెను.