నాలుగు నెలల ప్రధాని



మార్చి 8 మహిళా దినోత్సవమని మనందరికీ తెలుసు. 1917లో సరిగ్గా ఆ రోజునే, అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు పని మానేసి వీధుల్లోకి వచ్చారు. రొట్టె కోసం చలిలో గంటల తరబడి క్యూలో నిలబడి విసిగిపోయిన గృహిణులూ వారితో కలిశారు. వారం తిరిగేసరికి రెండవ నికొలాస్ చక్రవర్తికి గద్దె దిగక తప్పలేదు! అప్పుడు ప్రధాని పదవికి వచ్చిన ప్రిన్స్ గియోర్గి ల్వోవ్ గురించి ఈ పూట చెప్పుకుందాం.

ప్రిన్స్ అన్నాను కదా అని చక్రవర్తిగారి కొడుకనుకునేరు. పాత రాజవంశీయులకు అక్కడ అదొక బిరుదు. వంశం గొప్పదే గాని, ఇల్లు అప్పుల్లో మునిగింది. తూలా ప్రాంతంలోని పోపోవ్కా ఎస్టేటులో కుటుంబమంతా ఒళ్లు వంచి పనిచేసి, ఖర్చులు తగ్గించుకుని, ఆపిల్ తోటలు పెంచి నిలదొక్కుకున్నారు.

తర్వాత ఆయన జెమ్‌స్త్వోల సేవలో ప్రవేశించారు. అంటే మన పాత జిల్లా బోర్డుల వంటివన్నమాట. బళ్లు, ఆసుపత్రులు, రోడ్లు చూసుకునేవి. 1914లో యుద్ధం వచ్చినప్పుడు, గాయపడిన సైనికులకు వైద్యసహాయం అందించిన జెమ్‌స్త్వోల సంఘానికి ఆయనే అధ్యక్షులు. ఆ సేవే ఆయనకు దేశమంతటా పేరు తెచ్చింది.

ప్రధాని కాగానే ఆయన ప్రభుత్వం మరణశిక్షను రద్దు చేసింది. పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చింది. మతాన్ని, జాతిని బట్టి ఉన్న ఆంక్షలు ఎత్తివేసింది. ఏప్రిల్ 1న సుమారు 40 వేలమంది స్త్రీలు ఓటుహక్కు కోసం ఊరేగింపుగా వస్తే, ఇస్తామని ల్వోవ్ మాట ఇచ్చారు.

మరి ఇంత మంచి ప్రభుత్వం ఎందుకు నిలవలేదు?

జనం అడిగినవి ముఖ్యంగా మూడు: రొట్టె, శాంతి, భూమి. ప్రభుత్వం యుద్ధం ఆపలేదు. పైగా వేసవిలో చేసిన దాడి ఘోరంగా విఫలమైంది. భూమి పంచమని రైతులు అడిగితే, రాజ్యాంగసభ ఏర్పడేదాకా ఆగమన్నారు. ఎన్నిక కాని ప్రభుత్వం అంత పెద్ద నిర్ణయం చేయకూడదని వారి వాదన. న్యాయమైన మాటే! కాని రైతులు ఆగలేదు, సొంతంగానే భూములు ఆక్రమించుకోసాగారు. పాత గవర్నర్లను ల్వోవ్ ఒక్క తంతితో తొలగించారు గాని, కొత్తవారి మాట ఊళ్లలో చెల్లలేదు. రాజధానిలో సైనికులు, కార్మికులు తమ సోవియట్ మాటే వినేవారు. పేరుకు అధికారం ఈయనది, పట్టు వారిది.

జూలై 20న ల్వోవ్ రాజీనామా చేశారు. కెరెన్‌స్కీ ప్రధాని అయ్యారు. నవంబరు 7న బోల్షివిక్కులు అధికారం చేజిక్కించుకున్నారు. అదే నెలలో జరిగిన రాజ్యాంగసభ ఎన్నికల్లో రష్యా స్త్రీలు ఓటు వేశారు. ఆ మాట నిలిచింది, మాట ఇచ్చిన ఆయన మాత్రం పదవిలో లేరు. 1918లో ఖైదు నుంచి తప్పించుకుని, దేశం విడిచి, 1925లో ఫ్రాన్సులో కన్నుమూశారు.

మంచితనం తక్కువై ఆయన ఓడిపోలేదు. ఇంటి సంగతి మనకు తెలియనిదా? పిల్లలు ఆకలి అంటే, నాన్నగారు వచ్చాక చూద్దామని ఏ తల్లీ అనదు. ఆకలికి వాయిదా ఉండదు. ల్వోవ్ ప్రభుత్వం వాయిదా వేసింది దాన్నే.