చేతులు బరువెక్కినప్పుడు



గూడూరుకు కొద్ది దూరములోని ఒక పల్లెలో మన సంఘస్థుల ఇల్లు ఒకటున్నది. ఆ ఇంటి పెద్దమ్మగారు పక్షవాతముతో నాలుగేళ్లుగా మంచము మీదనే ఉన్నారు. నెలకొకసారి నేను వెళ్లి, మంచము ప్రక్కన కూర్చొని, ప్రార్థన చేసి వచ్చేవాడిని. ఒకనాడు గడప దాటుతుండగా కోడలు నెమ్మదిగా అడిగింది: "అయ్యగారూ, వచ్చే ఆదివారం అత్తమ్మ దగ్గర ఎవరైనా రెండు గంటలు కూర్చుంటారా? చర్చికి రావాలని ఉంది."

నాకు మాట రాలేదు. ఆమె రెండేళ్లుగా ప్రభు భోజనమునకు రాలేదు. విశ్వాసములో చల్లారిపోయినదని నేను తలంచాను. అత్తగారి పేరు ప్రతి వారము రోగుల ప్రార్థనలో చదివాము. కోడలి పేరు ఒక్కసారి కూడా చదవలేదు.

ఆమె పని ఏమిటో ఆ రోజు కూర్చొని విన్నాను. రోగిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పాలి. లేకపోతే నడుము క్రింద, తుంటి దగ్గర, మడమల వద్ద పుండ్లు పడతాయి. రాత్రి అయినా తప్పదు. గుడ్డలు మార్చాలి, ఒళ్లు తుడవాలి. జావ పట్టేటప్పుడు లేపి కూర్చోబెట్టాలి; పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తులలోనికి పోవచ్చు. ఒకప్పుడు ఆమె నిమ్మతోటలలో కాయలు కోసే కూలికి పోయేది. ఆ కూలి డబ్బు కూడా ఆగిపోయింది. "ఒక్కోసారి అత్తమ్మ మీద విసుక్కుంటాను. తరువాత ఏడుస్తాను" అన్నది.

ఇటువంటివారిని చూసి మనమేమంటాము? "నీకు పరలోకములో బహుమానమున్నదమ్మా" అని చెప్పి ఇంటికి వచ్చేస్తాము. నిర్గమకాండము 17వ అధ్యాయములో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు అతనికి ప్రసంగము చేయలేదు. కూర్చొనుటకు రాయి తెచ్చి వేశారు. చెరొక ప్రక్క నిలిచి, ప్రొద్దుగ్రుంకే వరకు అతని చేతులను ఆదుకొన్నారు.

ఇది జరుగని పని కాదు. కేరళలో 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీ వద్ద కొందరు డాక్టర్లు, వారి స్నేహితులు కలిసి, తీరని రోగముతో బాధపడేవారి కొరకు ఒక సేవా సంఘము ప్రారంభించారు. తరువాత అది ఊరూరా ఇరుగుపొరుగువారి సేవగా పెరిగింది. వారానికి కనీసము రెండు గంటలు ఇవ్వగలవారిని చేర్చుకొని, శిక్షణ ఇచ్చి, మంచము పట్టినవారి ఇండ్లకు పంపారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ఇటువంటి సేవకై ఒక విధానమునే ప్రకటించింది.

మన రాష్ట్రములో 2024 జూలై నుండి వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలైనది. పక్షవాతముతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. అర్హత ఉండి అందనివారుంటే, చదువుకొన్న మన యౌవనస్థులు వారిని సచివాలయమునకు వెంటబెట్టుకొని పోయి దరఖాస్తు పెట్టించాలి. వృద్ధుల సహాయమునకు 14567 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉన్నది. అయితే పింఛను ఇంటికి వస్తుంది గాని, దానితో నిద్ర రాదు కదా! ఆ నిద్ర మనమే ఇవ్వాలి.

మా స్త్రీల సమాజము వారు ఒక వరుస వేసుకొన్నారు. వారానికి ఇద్దరు ఆ ఇంటికి వెళ్తారు. ముందు రోగిని త్రిప్పడము, తినిపించడము కోడలి దగ్గరే నేర్చుకొన్నారు. వెళ్లగానే "అత్తమ్మకెలా ఉంది?" అనే మాటకు ముందు "నువ్వు తిన్నావా? రాత్రి నిద్రపోయావా?" అని అడుగుతారు. చెన్నైలోనో శ్రీసిటీలోనో పని చేస్తున్న కుమారులారా, డబ్బు పంపితే తీరిపోయిందనుకోవద్దు. సెలవు దొరికినప్పుడు వచ్చి, ఒక రాత్రి తల్లి మంచము ప్రక్కన మీరు మేల్కొనండి. ఇది ఆడవారి పని మాత్రమే కాదు.

ఆ ఆదివారము ఆ కోడలు వచ్చింది. చివరి వరుసలో గోడకానుకొని కూర్చున్నది. నా ప్రసంగము సగములోనే నిద్రపోయింది. ప్రక్కనున్న అమ్మ తట్టి లేపబోతే, వద్దని సైగ చేశాను.

మీ వీధిలో అటువంటి ఇల్లు ఏది? ఈ వారమే వెళ్లి ఆ తలుపు తట్టండి.