అరెస్టయితే హక్కులేమిటి?

నరసరావుపేట: గ్రామ తగాదాల్లో కేసు నమోదు కాగానే పరారైతే బెయిలు పొందడం కష్టమవుతుంది. హక్కులు తెలుసుకోవడమే మేలు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం పోలీసులు అరెస్టుకు కారణం చెప్పాలి. బంధువులకు తెలపాలి. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి.

మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకుమించి జైలుశిక్ష పడే కేసుల్లో 90 రోజుల్లోగా, మిగతా వాటిలో 60 రోజుల్లోగా ఛార్జిషీటు దాఖలు కాకుంటే రిమాండులోని నిందితునికి బెయిలు హక్కు లభిస్తుంది. అయితే గడువు ముగిసిన వెంటనే దరఖాస్తు చేయాలి. ఈలోగా ఛార్జిషీటు దాఖలైతే ఆ హక్కు పోతుంది.

నరసరావుపేట, గురజాల, మాచర్ల కోర్టుల్లో కేసులున్న పేదలు, కస్టడీలో ఉన్నవారు న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. టోల్‌ఫ్రీ నంబరు 15100.