ఎనిమిదేళ్లూ అదే టీచరు

మొయినాబాద్: జూన్‌లో బడి తెరిచిన రోజున పిల్లవాడు ఇంటికి తెచ్చే మొదటి కబురు, ఈ ఏడు టీచరు ఎవరన్నదే. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లోనే కాదు, ఎక్కడైనా చిన్న ప్రైవేటు బడుల్లో ఈ కబురు తరచు మారుతూ ఉంటుంది. నిరుడు లెక్కలు చెప్పిన సారు మానేశారంటారు. ఆయన స్థానంలో ఇంకొకరు వస్తారు, పాఠం ఆగదు. కాని ఫలానా పిల్ల భాగాహారం దగ్గర ఎందుకు తడబడుతుందో, ఫలానా పిల్లవాడు తరగతిలో ఎందుకు నోరు విప్పడో తెలిసిన మనిషి వెళ్లిపోయాడన్న సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు సాగే మర్రిచెట్ల రోడ్డు మీద మొయినాబాద్‌కు ముందే అజీజ్‌నగర్ వస్తుంది. అక్కడి ‘శ్లోక’ పాఠశాలది వేరే దారి. 1997లో హైదరాబాద్‌లో మొదలైన ఈ బడి అనుసరించేది వాల్డార్ఫ్ విధానం. ఒకటో తరగతిలో పిల్లలను చేరదీసిన టీచరే వారితోపాటు రెండులోకి, మూడులోకి పోతూ ఎనిమిదో తరగతి దాకా వెంట నడవాలన్నది ఈ విధానానికి ఆయువుపట్టు.

దీని పుట్టుక జర్మనీలో. 1919 సెప్టెంబరులో స్టుట్‌గార్ట్ నగరంలో వాల్డార్ఫ్ ఆస్టోరియా సిగరెట్ల కర్మాగారం అధిపతి ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లలకోసం బడి పెట్టించారు. బోధన పద్ధతిని రూపొందించినవారు రుడాల్ఫ్ స్టైనర్. సిగరెట్ల కంపెనీ పేరు పిల్లల బడులకు స్థిరపడిపోవడం విచిత్రమే! నాజీల కాలంలో, 1938లో, ఆ బడి మూతపడి యుద్ధం ముగిశాక తిరిగి తెరుచుకున్నది.

ఈ పద్ధతిలో పొద్దున్నే దాదాపు రెండు గంటలసేపు ఒకే పాఠం సాగుతుంది. ఒక విషయాన్ని మూడు నాలుగు వారాలపాటు వరుసగా చెబుతారు. అచ్చు పుస్తకాన్ని బట్టీపట్టే బదులు, విన్నదాన్ని పిల్లలే రాసుకుని, బొమ్మలు వేసుకుని తమ పుస్తకం తాము తయారు చేసుకుంటారు. ఏటా టీచరు మారితే ఈ పని సాగదు. మూడో తరగతిలో కొలతలు నేర్పిన మనిషే ఆరో తరగతిలో వడ్డీ లెక్కలు చెబుతున్నప్పుడు, ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఒకరిని అడిగి తెలుసుకోనక్కరలేదు. ఎనిమిదో తరగతి దాటించిన టీచరు మళ్లీ ఒకటో తరగతికి దిగివస్తారు. అలా మూడు విడతలు చేస్తే 24 ఏళ్లు. ఒక ఉద్యోగ జీవితంలో మూడే మూడు తరగతులు!

ఒకే బడికి అంటిపెట్టుకుని ఉండిపోవడం హైదరాబాద్‌కు తెలియనిదేమీ కాదు. 1961లో విద్యారణ్య పాఠశాలను నెలకొల్పిన శాంతా రామేశ్వరరావు దశాబ్దాలపాటు దానినే కనిపెట్టుకుని ఉన్నారు. ఆమె 2015లో కన్నుమూశారు.

టీచరుకూ పిల్లవాడికీ పొసగకపోతే ఎనిమిదేళ్లు ఏం గతి? ఈ ప్రశ్న న్యాయమైనదే. పై తరగతుల్లో అన్ని విషయాలూ ఒక్కరే చెప్పడమూ మాటలు కాదు. ఐరోపాలో కొన్ని వాల్డార్ఫ్ బడులు ఈ గడువును ఆరేళ్లకు కుదించుకున్నాయి కూడా. అన్నిటికీ మించిన చిక్కు మరొకటి ఉన్నది. నాలుగో ఏట టీచరు మానేస్తే ఇలాంటి బడికి తగిలే దెబ్బ మామూలు బడికి తగిలేదానికన్నా పెద్దది. కొత్తగా వచ్చినవారికి పాఠాలు అప్పగించవచ్చు, నాలుగేళ్ల పరిచయాన్ని అప్పగించేదెలా?

ఇక సర్కారు బడుల లెక్క మరో తీరు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇచ్చిన బదిలీ నిబంధనల ప్రకారం ఒకేచోట ఎనిమిదేళ్లు నిండిన ఉపాధ్యాయుడు కదలక తప్పదు. ప్రధానోపాధ్యాయులకైతే ఐదేళ్లే. మారుమూల ఊళ్లో ఇరుక్కుపోయిన ఉపాధ్యాయుడికి ఇది ఊరటే. ఊరిని ఎరిగిన పంతులు మాత్రం తన చేతిలో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతి గట్టెక్కడం చూడకుండానే పెట్టె సర్దుకోవాలి.

చిన్న ప్రైవేటు బడి టీచరును ఏ నిబంధనా కదల్చదు. కదిల్చేది జీతమే. కరోనా కాలంలో బడులు మూతపడి, జీతాలు ఆగిపోయినప్పుడు సంగతి బయటపడ్డది. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికే కొందరు కూరగాయల బండ్లు పెట్టుకున్నారు, కొందరు కూలిపనులకు పోయారు. బడులు తెరిచాక వారందరూ తిరిగి రాలేదు.