నాగార్జునసాగర విహారము

కృష్ణానది నల్లమల కొండలను దాటి మైదానమున అడుగిడుటకు ముందు, నందికొండ వద్ద రాతి ఆనకట్ట కట్టి నిలిపిన నీరే నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, వేలాది కూలీలు రాళ్లు మోసి లేపిన ఈ కట్టనుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. సెలవుదినములందు పిల్లాపాపలతో ఇచ్చటికి వచ్చువారిలో పెక్కుమంది దీనిని సుందరమైన సరోవరముగా మాత్రమే చూచి మరలిపోవుదురు. కాని ఇది అహోరాత్రములు పనిచేయుచుండు జలాశయము. ఆ పని యెట్టిదో ఎరిగి తిరిగినవారికి విహారమునందలి ఆనందము ఇనుమడించును, అపాయమును తప్పును.

ముందుగా ఎంచుకొనవలసినది ఋతువు. పడమటి కనుమలలో వానలు కురిసి, ఎగువనున్న ఆలమట్టి, జూరాల, శ్రీశైలములు నిండిన పిమ్మటనే వరద ఇచ్చటికి చేరును గనుక, నీటిమట్టము పూర్తిస్థాయియైన 590 అడుగులను సమీపించుట సామాన్యముగా ఆగస్టు, సెప్టెంబరు మాసములందు జరుగును. అప్పుడు 45 అడుగుల వెడల్పును, 44 అడుగుల ఎత్తును గల 26 గేట్లలో వరదనుబట్టి కొన్నింటినో, అన్నింటినో ఎత్తుదురు. కట్ట వాలుమీదుగా జారిన నీరు అడుగున తాకి, తెల్లని పొగవలె పైకెగసి, దూరమున నిలిచినవారి మొగములను సైతము తుంపరలతో తడుపును. అయితే వరదయు గాలియు ఉద్ధృతముగానున్న దినములందు లాంచీలు నడువవు. కావున గేట్లు చూడగోరువారు వానకాలమునను, పడవపై తిరుగగోరువారు శీతకాలమునను రావలయును.

కుడిగట్టున విజయపురి సౌత్ రేవునుండి బయలుదేరిన లాంచీ సుమారు 11 కిలోమీటర్లు సాగి నాగార్జునకొండ చేరును. ఇక్ష్వాకు ప్రభువులు మూడు, నాలుగు శతాబ్దములందు రాజధానిగా నేలిన విజయపురి ఈ నీటి అడుగుననే యున్నది. లోయ మునుగునని తెలిసి 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున విస్తృతముగా త్రవ్వకములు జరిపి, ముఖ్యమైన కట్టడములను ఊడదీసి, కొన్నింటిని కొండమీదను, కొన్నింటిని గట్టుననున్న అనుపులోను తిరిగి నిలిపిరి. కొండమీది మ్యూజియములో లేతాకుపచ్చ ఛాయగల పలనాటి సున్నపురాతిపై చెక్కిన బుద్ధుని జీవితఘట్టములను తీరికగా చూడవలయును. శుక్రవారము దీనికి సెలవు. అనుపులోని రంగస్థలమున నలుదిక్కుల రాతిమెట్లు, నడుమ చదునైన నేల. పైమెట్టున కూర్చున్నవారికి అడుగున మాటాడువారి కంఠము స్పష్టముగా వినబడును. లోయను ముంచివేయుట తప్పనిసరియైనప్పుడు, మునుగకుండ కాపాడగలిగినంత కాపాడిన ఆనాటి పురాతత్త్వజ్ఞుల శ్రమకు మనము కృతజ్ఞులమై యుండవలయును.

నీటి విషయమున జాగరూకత అత్యవసరము. జలాశయపుటొడ్డు నిజమునకు మునిగిన కొండవాలు. మోకాలిలోతు కనబడిన చోటనుండి రెండడుగులు ముందుకు వేసిన నిలువులోతు తగులవచ్చును. కట్ట దిగువను నదిలో బండలు తేలి ప్రశాంతముగా తోచినను, విద్యుత్కేంద్రము నడచినప్పుడు గాని గేట్లెత్తినప్పుడు గాని ప్రవాహము హఠాత్తుగా పెరుగును. కావున అచట స్నానము తగదు. ఆనకట్టకు సమీపముననే చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తునుండి దూకు ఎత్తిపోతల జలపాతము అందమైనదే గాని, మొసళ్లను పెంచు తావు కూడ అదియే కావున, దూరమునుండి చూచుటయే మేలు. పడవ కదలకముందే లైఫ్ జాకెట్టు బిగించుకొనవలయును. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదమును తెలుగువారెవ్వరును మరువరాదు.

ఈ నీరు కుడివైపు జవహర్ కాలువ ద్వారా గుంటూరు, ప్రకాశం ప్రాంతములకును, ఎడమవైపు లాల్‌బహదూర్ కాలువ ద్వారా నల్లగొండ, ఖమ్మం, కృష్ణా ప్రాంతములకును ప్రవహించి పైరులను పండించును. హైదరాబాదు నగరపు కుళాయిలకును ఇందులో పాలు కలదు. భోజనము చేసి గట్టున ప్లాస్టిక్కు సీసాలను, ఎంగిలి విస్తళ్లను విడిచిపోవుట మనము త్రాగు నీటిని, మనకు అన్నము పెట్టు పొలములను మనమే చెరచుకొనుట. తెచ్చినదానిని తిరిగి తీసికొనిపోవుట, సిబ్బంది హెచ్చరికను మన్నించుట, పిల్లలకు కాలువల సంగతియు మునిగిన నగరము సంగతియు చెప్పుట — ఈ మూడింటిని పాటించిన కుటుంబమునకు ఆ దినము వినోదముగను విద్యగను పరిణమించును. వేలమంది చెమటతో లేచిన కట్టపై నిలుచు భాగ్యము కలిగినందులకు మనము చెల్లింపవలసిన మూల్యము ఇంతియే.